డెబ్బై మూడు ఖాతాలు, ఒక పొట్టేలు

అందరూ ఉద్యోగాల నుంచి రిటైరవుతారు. నా విషయంలో ఉద్యోగమే రిటైరైంది. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను, అది లేచి వెళ్లిపోయింది. సన్మానం, శాలువా, గోడ గడియారం ఏమైనా ఇచ్చి ఉంటే దానికే ఇచ్చి ఉంటారు, నాకైతే అందలేదు.

మొన్న ఒక ఇంజనీరింగ్ పిల్లవాడు నన్ను, "నెట్ సెంటర్ అంటే ఏంది సార్?" అని అడిగాడు. వాడికోసం, వాడిలాంటి మీకోసం ఇది రాస్తున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంట్లో కంప్యూటరు లేని జనం గంటకు ఇంతని ఇచ్చి ప్లైవుడ్ అరల్లో కూర్చొని ఇంటర్నెట్ చూసే దుకాణాన్ని నెట్ సెంటర్ అనేవారు. అలాంటివి మూడింటికి నేను చక్రవర్తిని. మదనపల్లెలో పది కంప్యూటర్లు, కుప్పంలో ఎనిమిది, పుంగనూరులో నాలుగు. మొత్తం ఇరవై రెండు. అందులో పదిహేడు వాతావరణం అనుకూలిస్తే వెలిగేవి. మిగతా ఐదు నా సంచిలో స్క్రూడ్రైవర్ చప్పుడు వింటే వెలిగేవి. విజిటింగ్ కార్డు మీద మాత్రం "సిస్టమ్స్ అండ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేటర్" అని బంగారు రంగులో అచ్చేయించుకున్నాను. ఆ కార్డుల్లో సగం బస్సు కండక్టర్ల దగ్గరే ఉండిపోయాయి.

యజమాని మదనపల్లె టమోటా మండీలో కమీషన్ వ్యాపారి. ఆయన దృష్టిలో కంప్యూటరు కూడా ఒక రకం టమోటానే. "కుళ్లిపొయ్యేలోపల అమ్ముకోవల్లప్పా" అనేవాడు. మండీ పని మధ్యలో ఫోన్ చేసి, "ఈ పొద్దు ఎన్ని గంటలు పోయినాయి?" అని అడిగేవాడు. గంటలంటే కంప్యూటరు గంటలు. వెనక వేలంపాట కేకలు వినిపించేవి కాబట్టి ఆయన దేన్ని ఎంతకు అమ్ముతున్నాడో నాకెప్పుడూ అర్థమయ్యేది కాదు.

వారంలో రెండు రోజులు ఒక్కో ఊరు. ఆదివారం బస్సులో. మదనపల్లెలో నన్ను "కుప్పమాయన" అనేవారు. కుప్పంలో "పుంగనూరాయన" అనేవారు. పుంగనూరులో "మదనపల్లె సారు" అనేవారు. మూడు ఊళ్లలో పనిచేస్తే మూడింతల మంది తెలిసుంటారని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఎవరికి వారు నన్ను పక్క ఊరివాడి లెక్కలో వేసేసి నిశ్చింతగా ఉండేవారు. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టేది కుప్పం సెంటర్ మెట్ల మీద పడుకునే కుక్క ఒక్కటే. అదీ నన్ను చూసి లేచేది కాదు, ఒక చెవి ఎత్తేది.

ఆ రోజుల్లో కుర్రకారంతా ఒక ఆటలో మునిగి ఉండేవారు. ఇంటర్నెట్‌లో మనకు ఒక చిన్న రాజ్యం ఇస్తారు. గోధుమ చేను, రాతి గని, ఇనుప గని, నాలుగు గుడిసెలు. గోడ కట్టమంటే ఎనిమిది గంటలు పడుతుంది. ఈలోపు పక్క రాజు వచ్చి దోచుకోవచ్చు. కాబట్టి కొంతమంది రాజులు కలిసి కూటమి కట్టి ఒకరినొకరు కాపాడుకుంటారు. ఈ రాజ్యాలను సంవత్సరాల తరబడి పెంచేవారు. కుప్పంలో గ్రానైట్ పాలిష్ చేసే ఒకాయన తన పెళ్లి ముహూర్తం కూడా తన కోట బురుజు పూర్తయ్యే రోజు తరవాతకు పెట్టించుకున్నాడని చెబితే మీరు నమ్మరు. నేనూ పూర్తిగా నమ్మలేదు గానీ అందరికీ చెప్పాను.

రాజ్యమున్న చోట దొంగలుంటారు. ఒకరి ఖాతాలోకి మరొకరు దూరి బంగారమంతా తమ రాజ్యానికి పంపుకునేవారు. దూరడం ఏమంత కష్టం కాదు. మనవాళ్లు తమ బండి నెంబరును పాస్‌వర్డ్‌గా పెట్టుకొని, ఆ బండిని తెచ్చి సెంటర్ ముందే నిలబెట్టేవారు. అందుకే నేను మూడు ఊళ్లలోనూ గోడలకు పెద్ద అక్షరాలతో నోటీసు అంటించాను: "పాస్‌వర్డ్ అడిగినవాడు దేవుడైనా చెప్పకండి. ఉచితంగా బంగారమిస్తామన్న ఉత్తరాలు తెరవకండి. రహస్య జవాబు ఎవరికీ, ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ చెప్పకండి." కింద నా సంతకం, తేదీ, రబ్బరు ముద్ర. ముద్ర టమోటా మండీది. వేరేది లేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం.

కొత్తగా వచ్చినవాళ్లకు ఈమెయిల్ ఖాతా తెరిచిచ్చేది నేనే. ఆట ఖాతా ఆ మెయిల్‌కే కట్టి ఉంటుంది. పాస్‌వర్డ్ వాళ్లే పెట్టుకునేవారు, నేను చూసేవాణ్ని కాదు. కానీ మరచిపోతే తిరిగి పొందడానికి ఒక రహస్య ప్రశ్న, దానికొక జవాబు పెట్టాలి. "మీ మొదటి పెంపుడు జంతువు పేరేమిటి?" మనవాళ్లు ఆ రోజు ఒక పేరు చెబుతారు, నెలకు పాస్‌వర్డ్ మరచిపోయి వచ్చి ఇంకో పేరు చెబుతారు, ఏదీ కుదరక నా చొక్కా పట్టుకుంటారు. ఈ బాధ పడలేక నేనొక ఉపాయం చేశాను. అందరికీ ఒకే జవాబు పెట్టేశాను. ఎవరు ఏడ్చుకుంటూ వచ్చినా నేను వాళ్లను అవతలికి తిరగమని, ఆ జవాబు కొట్టి, ఖాతా తెరిచిచ్చేవాణ్ని. "ఏం జేసినావు సార్?" అంటే, "బెంగుళూరు నుంచి తెప్పించిన కోడ్, నలభై అక్షరాలుంటుంది" అనేవాణ్ని. జనం నా వైపు చూసే చూపు మారిపోయేది. ఆ చూపు కోసం నేను మరో వంద ఖాతాలైనా తెరిచేవాణ్ని.

ఆ జవాబు ఒక పొట్టేలు పేరు.

మాది కురబలకోట దగ్గర పల్లె. ఇంట్లో గొర్రెలుండేవి. అందులో ఒక పొట్టేలుకు నేనే పేరు పెట్టాను. నేను మాట్లాడితే విని, నేను ఆగితే తలెత్తి "తరవాత?" అన్నట్టు చూసే ప్రాణి ఈ భూమ్మీద అదొక్కటే. అంతకు మించి దాని గురించి రాస్తే ఇది పొట్టేలు చరిత్ర అయిపోతుంది. మొత్తానికి మూడు ఊళ్లలో డెబ్బై మూడు మంది రాజులకు మొదటి పెంపుడు జంతువు అదే. ఆ మెయిల్ కంపెనీవారి పుస్తకాల్లో ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది పెంచిన జీవం మా పొట్టేలే అయ్యుంటుంది.

ఇంకో తెలివి కూడా చేశాను. మెయిల్ పేర్లన్నీ సెంటర్ పేరు మీదే తెరిచాను, వెనక వరస నెంబరు. ఒకటి నుంచి డెబ్బై మూడు దాకా. నాకు గుర్తుండటం సులభం కదా. ఒకటో నెంబరు నాది.

అరవై ఒకటో నెంబరు పుంగనూరు అక్కది.

ఈ అక్క సంగతి చెప్పాలి. పుంగనూరు సెంటర్ అసలు ఎస్టీడీ బూత్. అద్దాల గది, లోపల ఫోను, పైన ఎర్ర అంకెలు తిరిగే మీటరు. ఒకప్పుడు ఆ గది ముందు సినిమా హాలంత క్యూ ఉండేదట. సెల్‌ఫోన్లు వచ్చి క్యూను తుడిచిపెట్టేశాయి. యజమాని ఆ బూత్ పక్కనే నాలుగు కంప్యూటర్లు పెట్టించి, రెంటినీ చూసుకోమని అక్కకే అప్పజెప్పాడు. అక్కకు నాకన్నా పదేళ్లు ఎక్కువుంటాయి. రోజూ పొద్దున్నే వచ్చి ఫోను మీద దుమ్ము తుడిచి, రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకొని, "బతికే ఉండాది" అని పెట్టేసేది. ఇక సాయంత్రం దాకా ఆ ఫోను ఊరికే ఉండేది.

ఖాళీగా కూర్చోలేక ఆటలోకి దిగింది. రెండేళ్లలో ముప్పై నాలుగు రాజ్యాల కూటమికి మహారాణి అయింది. అతిశయోక్తి కాదు, లెక్కపెట్టి చెబుతున్నాను. నా రాజ్యం మీద మూడుసార్లు దాడి జరిగితే మూడుసార్లూ అక్కే సైన్యం పంపి కాపాడింది.

"ఏమప్పా సెక్యూరిటీ ఆపీసరూ, నీ గోడ యాడికి పొయింది? మేకలు దూరేటట్లుండాది" అనేది.

"కడతాండానక్కా, ఇనుము సాలలేదు."

"ఇనుము నేను పంపిస్తా. నువ్వు ముందు పొద్దున తిన్న్యావా లేదా జెప్పు."

అక్కది ఇంటర్ తప్పిన ఇంగ్లీషు. రాజ్యాలేలడానికి అది చాలునని ఆమెను చూశాకే తెలిసింది. కూటమిలో ఒకాయన ఎక్కడో సముద్రం పక్క ఊళ్లో, పడవల రేవులో టికెట్లిచ్చే మనిషి. ఏ దేశమో అక్క అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రేవు పక్కన వంతెన కట్టారు. పడవలెక్కేవారు తగ్గిపోయారు. రోజూ పొద్దున అక్క ముందు ఆయనకు రాసేది: "పడవలెన్ని?" ఆయన "రెండు" అనో "ఒకటి" అనో రాసి, "ఫోను మోగిందా?" అని అడిగేవాడు. "లేదు" అని రాసి, ఆ తరవాతే యుద్ధాలు, సంధులు, గోధుమల సంగతులు.

నేను వెనక నిలబడి చదివి ఒకసారి నవ్వాను. "యాల నవ్వుతాండావు?" అంది అక్క. "పలకరించేదానికి ఒక మనిషుండాడు. నీకెవురుండారు?"

మానిటర్ వెనక వైరు ఒకటి వదులుగా కనిపించింది. దాన్ని బిగించడానికి కిందికి వంగాను. చాలాసేపు బిగించాను.

దొంగ వచ్చిన రోజు నేను కుప్పంలో ఉన్నాను. పొద్దున్నే సెంటర్ తెరిచి నా రాజ్యం చూసుకుంటే ఒక ఉత్తరం వచ్చి ఉంది. ఆట నడిపే సంస్థ భద్రతా విభాగం నుంచట. "గౌరవనీయులైన అడ్మినిస్ట్రేటర్ గారికి" అని మొదలైంది. నా పేరు కూడా రాశారు, సరిగ్గా రాశారు. "ఎలా ఉన్నారు? మీలాంటి అనుభవజ్ఞుల సహకారంతో దొంగలను పట్టుకోవాలనుకుంటున్నాం. మీ ఖాతా భద్రతను సరిచూసేందుకు దయచేసి మీ మెయిల్, రహస్య జవాబు ఈ పేజీలో నింపండి" అని ఉంది.

పిల్లలూ, మీరిప్పుడు నవ్వుతున్నారని తెలుసు. ఉచిత బంగారమంటే నేను ఆ ఉత్తరాన్ని ముట్టుకునేవాణ్నే కాదు. కానీ ఎలా ఉన్నారని అడిగారు. నిజం చెబుతున్నాను, ఆ వారంలో ఆ మాట నన్ను అడిగింది ఆ దొంగ ఒక్కడే. అడ్మినిస్ట్రేటర్ గారని పిలిచింది, ఆ వారం సంగతి పక్కన పెట్టండి, ఈ జన్మలో వాడొక్కడే. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను, కాలర్ సర్దుకున్నాను, నా వెనక గోడ మీద నా సంతకంతో ఉన్న నోటీసు సాక్షిగా పొట్టేలు పేరు కొట్టి పంపించాను. పైగా ధన్యవాదాలు కూడా రాశాను.

పదకొండు గంటలకు కుప్పం ఆపరేటర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇతను కంప్యూటరును తమిళంలో తిట్టి, కన్నడంలో బతిమాలి, తెలుగులో దేవుడికి మొక్కేవాడు. ఆ రోజు మూడూ ఒకేసారి చేస్తున్నాడు.

"అన్నా, ఆటగాళ్లు గోలగోల జేస్తాండారు. ఒకరి ఖాతా గూడా తెరసుకోలేదు. రొండు, మూడు, నాలుగు, అయిదు... నెంబర్ల వరసనే పోతాండాయన్నా. మంద తోలుకోని పొయినట్ల పోతాండాయి."

మంద అన్న మాట నా గుండెలో గుచ్చుకుంది. వాడికి పొట్టేలు సంగతి తెలియదు.

అర్థమైపోయింది. దొంగకు నా మెయిల్ పేరు తెలుసు, దాని చివర ఒకటి ఉంది. ఒకటి ఉంటే రెండు ఉంటుంది కదా. రెండో ఖాతాకు పోయి, "పాస్‌వర్డ్ మరచిపోయాను" అని నొక్కి, పొట్టేలు పేరు కొడితే తలుపు తెరుచుకుంది. ఇక వాడికి ఆగాల్సిన పనేముంది? మా పల్లెలో ముందు నడిచే పొట్టేలు వాగులో దిగితే మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. నేను దాన్ని నా చేత్తోనే దింపాను.

"అన్నా, ఈ నోటీసు నువ్వే కదా అంటించినావు?" అన్నాడు ఆపరేటర్, గోడ వైపు చూస్తూ. అమాయకంగానే అడిగాడు. నాకు అది హైకోర్టు తీర్పులా వినిపించింది.

అప్పటికి దొంగ ముప్పయ్యో నెంబరు దాటాడు. నేను చేయాల్సింది ఒక్కటే. చివరి నుంచి వెనక్కి వస్తూ, మిగిలిన ఖాతాల జవాబులను నేనే మార్చేయడం. కానీ ముందు ఎవరి ఖాతా కాపాడటానికి కూర్చున్నానో చెప్పమంటారా? నాదే. ఒకటో నెంబరు. అది పోయి రెండు గంటలైంది. దాని శవం దగ్గర పావుగంట కూర్చున్నాను. ఆ పావుగంట కాగానే పెద్ద చప్పుడు వినిపించి కరెంటు పోయింది. బజారు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. లైన్‌మన్ పొగ వైపు చూసి, "సాయంత్రం దాకా రాదు" అని అరిచాడు. ఊరంతా చీకటి కంప్యూటర్లే.

పుంగనూరులో కరెంటు ఉంది. పుంగనూరులో అక్క ఉంది. నా సెల్‌ఫోన్ తీసి బూత్‌కు ఫోన్ చేశాను. రెండోసారి మోగకముందే ఎత్తింది.

"ఎవురూ?"

"నేనక్కా, కుప్పం నుంచి. ఖాతాలన్నీ ఎవుడో దోసుకుంటాండాడు. వరసగా వస్తాండాడు. నీది అరవై ఒకటి. వాడింకా నలభై కాడుండాడు."

"అట్లనా! సరే, పాసువర్డు మార్సేస్తా."

"అది మార్సినా లాభం లేదక్కా. రహస్య జవాబు మార్సల్ల."

"మార్సేదానికి పాత జవాబు అడుగుతాది కదా. నేనెప్పుడూ సూళ్లేదే. నువ్వే కదా పెట్టినావు. ఏందది? జెప్పు, కొట్టేస్తా."

మూడక్షరాల పేరు. నాలుక చివర దాకా వచ్చింది. పక్కన ఆపరేటర్ నిలబడి ఉన్నాడు. గుమ్మంలో నలుగురు రాజులు రాజ్యాలు పోగొట్టుకొని నా నోటి వైపే చూస్తున్నారు. బెంగుళూరు నుంచి తెప్పించిన నలభై అక్షరాల కోడ్ అని వీళ్లందరికీ చెప్పుకున్నవాణ్ని. ఇప్పుడు ఫోనులో ఒక గొర్రె పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే, అందరికీ అదే పెట్టానన్నది బయటపడుతుంది. పోగొట్టింది నేనేనన్నది బయటపడుతుంది.

"యాల గమ్మునుండావు? వినపడతాండాదా?"

"వినపడతాండాదక్కా. అది... ఫోన్లో జెప్పే మాట గాదు. భద్రత. నేనే వస్తాండాను. నువ్వేం ముట్టుకోవద్దు."

"నువ్వు వచ్చేదాకా వాడు గమ్మునుంటాడాప్పా?"

"లెక్క గట్టినాను. సాయంత్రానికి గానీ నీ నెంబరు రాదు."

లెక్క నేను కట్టలేదు. ఫోను పెట్టేశాను.

కుప్పం నుంచి పుంగనూరుకు వి.కోట, పలమనేరు మీదుగా పోవాలి. ఆ రోజు బస్సు ఎంత నెమ్మదిగా పోయిందంటే, మమ్మల్ని దాటిపోయిన ఎద్దులబండి పలమనేరులో మాకోసం ఆగి చూస్తూ ఉంది. పైన టమోటా క్రేట్లు, కింద నేను. పలమనేరులో డ్రైవరు టీ తాగాడు, కండక్టరు టీ తాగాడు, ఇద్దరూ కలిసి ఇంకోసారి తాగారు. నేను కిటికీ పక్కన కూర్చొని ఆ పేరును నోట్లోనే అనుకుంటూ ఉన్నాను. ఎదుట సీటు ఆమె తిరిగి చూసింది. పైకే అనేసినట్టున్నాను. తెలిసినవాళ్లెవరూ లేని చోట, ఎంత సులభంగా వచ్చిందో!

మూడున్నరకు దిగాను. పరుగెత్తాను. అక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. ఎదుట తెరమీద ఖాళీ పేజీ. "ఇలాంటి ఖాతా లేదు" అని ఇంగ్లీషులో ఒక ముక్క.

"రొండుంపావుకు తోసేసినాడప్పా నన్ను బయటికి" అంది అక్క, తెర మీదనుంచి కళ్లు తీయకుండా. "పక్క కంప్యూటర్లో కూటమి పేజీ తెరసి సూస్తా ఉన్న్యా, బయటోళ్లకు సూసేదే గానీ రాసేదానికి లేదు. నా పేరుతోనే కూటమి వాళ్లందరికీ రాసినాడు. 'ఆపదలో ఉండాను, ఉండే బంగారమంతా పంపండి' అని. పాపం, పంపినారు. ఒక్కొక్కరూ పంపతా ఉంటే సూస్తా కూసున్న్యా. నేను గాదని అరస్తే యాడ వినపడతాది? అంతా ఎత్తుకోని, రాజ్జెం చెరిపేసి పొయినాడు."

"అక్కా..."

"పొయ్యేది పోనీ. నా నోటితో అడుక్కున్న్యాడు సూడు, అదీ."

నేను స్టూలు లాక్కొని కూర్చున్నాను. ఆ రోజు మొదటిసారి అతిశయోక్తి లేకుండా మాట్లాడాను. దొంగ ఉత్తరం, ఎలా ఉన్నారని అడగడం, ఒకే జవాబు, వరస నెంబర్లు, అన్నీ చెప్పాను. చాలా చిన్న కథ. నేను మామూలుగా చెప్పే కథల్లో నాలుగో వంతు కూడా లేదు.

"ఆ జవాబు నువ్వు ఫోన్లో జెప్పుంటే సరిపొయ్యుండునా?"

"సరిపొయ్యుండునక్కా."

"ఎంత సేపు పట్టుండును?"

"ఒక నిమిసం."

"ఏందా జవాబు?"

చెప్పాను. మా పొట్టేలు పేరు, అది ఎవరిదో, ఎందుకు పెట్టానో. అక్క నవ్వుతుందని తల వంచుకున్నాను. నవ్వలేదు.

"మూడచ్చరాలు. దీనికా మూడు గంటలు బస్సులో వచ్చినావు?"

నాకు జీవితంలో చాలామంది చాలా తిట్లు పెట్టారు. ఈ రోజుకూ పూర్తిగా జీర్ణం కానిది ఆ ప్రశ్న ఒక్కటే.

కొత్త ఖాతా తెరిచాను. ఈసారి నేను గోడకు తిరిగి నిలబడ్డాను. పాస్‌వర్డూ జవాబూ అక్కే పెట్టుకుంది. ముప్పై నాలుగు మందికీ రాసింది: "నిన్నటిదాకా మీ రాణి నేనే. మధ్యాహ్నం అడిగింది నేను కాదు." జవాబులు రావడం మొదలైంది. ఒకడు దొంగ అన్నాడు. ఒకడు మళ్లీ వచ్చావా అన్నాడు. ఎక్కువమంది ఏమీ అనకుండా తలుపు మూసుకున్నారు. కొత్త పేరుతో వచ్చి, పాత మనిషిని నేనే అంటే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. నా నోటీసులోనే ఉంది, నమ్మవద్దని.

అక్క కంప్యూటరు ఆపేయబోయింది. అప్పుడు ఇంకొక ఉత్తరం వచ్చింది. పడవల రేవు మనిషి. అక్క చదివి వినిపించింది. ఆమె ఇంగ్లీషు నెమ్మది కాబట్టి ఒక్కో మాటా విడివిడిగా గుర్తుంది.

"మధ్యాహ్నం వచ్చినవాడు బంగారం అడిగాడు. పడవలు అడగలేదు. నువ్వు కాదని తెలిసింది. నేను పంపలేదు. ఈ రోజు పడవ ఒకటే. ఫోను మోగిందా?"

అక్క కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తరవాత నా వైపు ఒకసారి చూసి, ఒక వేలితో వెతుక్కుంటూ కొట్టింది. నేను వెనక నుంచి చదివాను.

"ఒకసారి మోగింది. చెప్పాల్సింది చెప్పకుండా పెట్టేశారు."

అంతే. అక్క మళ్లీ రాజ్యం కట్టలేదు. కూటమి చెదిరిపోయింది. ఆ ఖాతాలో గోధుమ చేను ఒక్కటి మిగిలింది, దానికి గోడ కూడా లేదు. పడవలూ ఫోనూ మాత్రం నడిచాయి.

యజమానికి విషయం చెబితే, "డెబ్బై మూడు పొయినాయా? ఎండాకాలంలో ఒక్క పొద్దుకు నాకు అంతకన్నా ఎక్కువ క్రేట్లు కుళ్లిపోతాయి, కొత్తవి తెరిసియ్యప్పా" అన్నాడు. తెరిచాను. ఈసారి ఎవరి జవాబు వారిది. వాళ్లు కొట్టేటప్పుడు నేను గోడకు తిరిగి నిలబడేవాణ్ని. మూడు ఊళ్లలో మూడు గోడల మీది మూడు క్యాలెండర్లు, అమావాస్యలతో సహా నాకు కంఠతా వచ్చాయి. నోటీసు కింద నా సంతకం కొట్టేశాను. సొంత సంతకాన్ని నమ్మవద్దని ప్రజలను హెచ్చరించిన ఏకైక అధికారిని నేనే అయ్యుంటాను.

పుంగనూరు పోయినప్పుడల్లా అక్క ఏమీ జరగనట్టే ఉండేది. కానీ ఒక మాట మార్చింది. "తిన్న్యావా?" అనడం మానేసి, "నీ పొట్టేలు ఎట్లుండాదప్పా?" అని, పొట్టేలు అన్నచోట దాని పేరే పెట్టి అడిగేది. మొదటిసారి మందలింపే అనుకున్నాను. రెండోసారి అర్థం కాలేదు. మూడోసారి నాకే తెలియకుండా, "మేస్తాండాదక్కా" అన్నాను. "సరే, లోపలికి రా" అంది. ఆ తరవాత అదే వాడుకైపోయింది. ఆ పొట్టేలు పోయి అప్పటికే పాతికేళ్లు.

సెంటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ముందు కుప్పం, తరవాత మదనపల్లె. బూత్‌లో అద్దాలు విప్పి ఎవరో మొబైల్ రీఛార్జ్ కొట్టుకు తీసుకుపోయారు. అక్క కొడుకు దగ్గరికో, చెల్లెలి దగ్గరికో కర్ణాటక వైపు వెళ్లిపోయింది. ఎవరి దగ్గరికో నేను సరిగా అడగలేదు. అడగాల్సినవి అడగకపోవడం, చెప్పాల్సినవి చెప్పకపోవడం నాకు బాగా అలవాటైన పనులు. కొన్నేళ్లపాటు ఆమె ఫోను వచ్చేది. హలో అనేది కాదు, పేరు చెప్పేది కాదు. ఎత్తగానే పొట్టేలు పేరే, ఎట్లుండాదని. మేస్తాండాదని నేను చెబితేనే తరవాతి మాట.

ఆ ఫోను రాక చాలా కాలమైంది. నేను చేస్తే ఈ నెంబరు వాడుకలో లేదని చెబుతోంది.

ఇప్పుడు నా ఫోను రోజుకు పదిసార్లు మోగుతుంది. నా మాట మీద నమ్మకం లేకపోతే పన్నెండు అనుకోండి. బ్యాంకు నుంచి అంటారు, కరెంటు ఆఫీసు నుంచి అంటారు, పోలీసులమంటారు. నా పేరు తెలుసు వాళ్లకు. నా పుట్టిన తేదీ, నా ఊరు, నా ఖాతాలో చివరి నాలుగు అంకెలు అన్నీ తెలుసు. "సార్, ఎలా ఉన్నారు?" అని ఎంతో ప్రేమగా అడుగుతారు. వీళ్ల నుంచి ఎలా కాపాడుకోవాలని మీలాంటి పిల్లలు నన్ను అడిగితే ఏదో సాంకేతిక రహస్యం చెబుతాననుకుంటారు. నా దగ్గర ఉన్నది ఒకటే పద్ధతి. ఎవరు చేసినా ఎత్తుతాను. ఏమీ మాట్లాడకుండా రెండు క్షణాలు ఆగుతాను.

పొట్టేలు గురించి అడగకపోతే పెట్టేస్తాను.